బ్యాంకాక్‌లో చూడటం, కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్ టికెట్ బుక్ అవగానే మనవాళ్లలో మొదలయ్యే సందేహాలు దాదాపు ఒకటే. డబ్బు ఎలా తీసుకెళ్లాలి, ఏ మార్కెట్‌కి వెళ్లాలి, ఎంతకి అడగాలి, శాకాహారం దొరుకుతుందా. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని ఇవన్నీ పోగుచేశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఆ ఊళ్లో డబ్బుకన్నా ముందు పొదుపు చేయాల్సింది సమయం. 50 బాట్ (థాయ్ కరెన్సీ) తగ్గుతుందని గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుంటే ఆ రోజు పోయినట్టే. అందుకే వీలైన చోటల్లా దగ్గర్లోని స్టేషన్ పేరో, పడవల రేవు పేరో రాశాను.

## టికెట్లు కొనేముందు

ఎన్ని రోజులు సరిపోతాయి? మూడు రాత్రులు చాలంటున్నారు, నిజమేనా?

గుళ్లు చూసి నాలుగు బట్టలు కొనుక్కుని రావడానికైతే మూడు రాత్రులు చాలు. షాపింగ్ కోసమే వెళ్తుంటే నాలుగు రాత్రులు పెట్టుకోండి. రోజుల లెక్కకన్నా వారం ముఖ్యం: మీ ప్రయాణంలో శనివారమో ఆదివారమో తప్పకుండా పడాలి. చాతుచక్ మార్కెట్ పూర్తిగా తెరిచేది ఆ రెండు రోజులే. సోమవారం దిగి గురువారం తిరిగొచ్చే చవక ప్యాకేజీల్లో అది పోతుంది.

ఏ నెలలో వెళ్తే ఎండ తక్కువ?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, ధరలూ జనమూ ఎక్కువే. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లాగే ఉంటుంది, ఉక్కపోత అదనం. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ కొత్త సంవత్సరం పండుగ. వీధుల్లో నీళ్లు చల్లుకుంటారు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ చిన్న దుకాణాలు, హోల్‌సేల్ కొట్లు చాలా మూసేసి యజమానులు సొంతూళ్లకు వెళ్లిపోతారు. కొనడానికి వెళ్లేవాళ్లు ఆ వారం మానుకోవడమే మంచిది. వానాకాలంలో (మే నుంచి అక్టోబరు) వాన సాయంత్రాల్లో గట్టిగా కురిసి ఆగుతుంది. హోటళ్లు చవక.

వీసా కావాలా? అరైవల్ కార్డు అంటున్నారు, అదేంటి?

2024 జూలైలో భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండే వీలు కల్పించారు. ఇలాంటి నిబంధనలను అక్కడి ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది, కాబట్టి టికెట్ కొనే రోజు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. ఇక అరైవల్ కార్డు వేరు. 2025 మే 1 నుంచి ప్రతి ప్రయాణికుడూ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైటు కనిపిస్తే అది థాయ్ ఇమిగ్రేషన్ వాళ్లది కాదు, వెంటనే బయటికి వచ్చేయండి.

రూపాయలు తీసుకెళ్లాలా, డాలర్లా, లేక కార్డు చాలా?

మూడూ కొంచెం కొంచెం. మార్కెట్లలో బేరమంతా నగదుతోనే. డాలర్లు తీసుకెళ్తే మడతలు, మరకలు లేని 100 డాలర్ల నోట్లు తీసుకెళ్లండి. చిన్న నోట్లకి రేటు తక్కువ ఇస్తారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే కనిపించే బ్యాంకు కౌంటర్లలో రేటు తక్కువ. అదే బిల్డింగ్ అడుగు అంతస్తులో, రైలు ఎక్కే చోట ఉన్న కౌంటర్లలో ఊళ్లో ఇచ్చే రేటుకి దగ్గరగా ఇస్తారు. ఊళ్లో సూపర్‌రిచ్ పేరున్న కౌంటర్లు అందరికీ తెలిసినవే, రూపాయలు కూడా తీసుకుంటారు. పాస్‌పోర్టు చూపించాలి.

ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్‌కి పైగా ఛార్జీ వేస్తుంది, మన బ్యాంకు ఛార్జీ అదనం. తీయక తప్పకపోతే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. మెషీన్ "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, ఆ మార్పిడి రేటు మనకు నష్టం. బాట్ విలువ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఉంటుంది. మార్కెట్‌లో నిలబడి లెక్కకట్టేటప్పుడు మూడుతో గుణిస్తే ఖర్చు చేయి దాటదు.

హోటల్ ఎక్కడ తీసుకోవాలి? అందరూ ప్రతునామ్ అంటున్నారు.

బట్టలు కొనడమే పనైతే ప్రతునామ్ సరైనదే. హోటల్ నుంచి నడిచి వెళ్లి కొనుక్కుని, బరువైన సంచులు గదిలో పడేసి మళ్లీ వెళ్లొచ్చు. భారతీయ భోజనం అడుగడుగునా దొరుకుతుంది. ఇబ్బందల్లా స్కైట్రైన్ స్టేషన్ కొంచెం దూరం, రోడ్డు ఎప్పుడూ కిటకిటే. ఊరు కూడా చూడాలనుకునే కుటుంబాలకు నేను ఫయా థాయ్ లేదా అసోక్ చుట్టుపక్కల తీసుకోమంటాను. ఫయా థాయ్‌లో ఎయిర్‌పోర్టు రైలు, స్కైట్రైన్ కలుస్తాయి. అసోక్‌లో స్కైట్రైన్, మెట్రో కలుస్తాయి. చిన్నపిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకు ఆ సౌకర్యం గదికి పెట్టే డబ్బుకన్నా విలువైనది.

## దిగాక

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

ముందు మీ విమానం ఏ ఎయిర్‌పోర్టులో దిగుతుందో టికెట్‌లో చూసుకోండి. సువర్ణభూమి ఒకటి, డాన్ ముయాంగ్ ఇంకొకటి, రెండూ ఊరికి వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి.

సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ సుమారు అరగంటలో ఫయా థాయ్ చేరుస్తుంది, ఛార్జీ 45 బాట్ దాటదు. ప్రతునామ్ వెళ్లేవాళ్లు అంతకు ముందు స్టేషన్ రాచప్రారోప్‌లో దిగాలి. నలుగురు, నాలుగు పెట్టెలు ఉంటే టాక్సీ నయం. కింది అంతస్తులో మెషీన్ దగ్గర చీటీ తీసుకుంటే లైన్ నంబరు వస్తుంది. మీటరు ఛార్జీ మీద 50 బాట్ ఎయిర్‌పోర్టు రుసుము, హైవే టోల్ మనమే ఇవ్వాలి. ఇవి మోసం కాదు, నియమమే. మీటరు వేయనంటే మాత్రం దిగిపోండి.

బీటీఎస్, ఎంఆర్‌టీ అంటే ఏంటి? ఒక టికెట్‌తో రెండూ ఎక్కొచ్చా?

బీటీఎస్ అంటే స్తంభాల మీద నడిచే స్కైట్రైన్, 1999లో మొదలైంది. ఎంఆర్‌టీ మెట్రో 2004లో వచ్చింది. టికెట్లు వేర్వేరు. మెట్రో గేట్ల దగ్గర వీసా, మాస్టర్‌కార్డ్ ట్యాప్ చేసి వెళ్లిపోవచ్చు. మన కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసి ఉండాలి.

టుక్‌టుక్ ఎక్కితే మోసపోతామా?

సరదాకి ఒకసారి ఎక్కండి, పిల్లలకు బాగా నచ్చుతుంది. ఎక్కేముందే రేటు మాట్లాడుకుని, నోటితో కాకుండా ఫోన్‌లో అంకె టైప్ చేసి చూపించండి. నగల దుకాణాల మీదుగా ఊరంతా 20 బాట్‌కే తిప్పుతానన్నవాడి బండి ఎక్కకండి. మిమ్మల్ని ఆ దుకాణాల్లోకి తీసుకెళ్లినందుకు అతనికి కమీషన్ ఉంటుంది, మీ సగం రోజు అక్కడే అయిపోతుంది. మామూలు ప్రయాణాలకు గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ముందే రేటు చూపిస్తాయి కాబట్టి టెన్షన్ ఉండదు.

ట్రాఫిక్ తప్పించుకునే దారి ఏదైనా ఉందా?

నీళ్లు. చావో ఫ్రయా నది మీద ఆరెంజ్ జెండా పడవ 16 బాట్‌కి ఎంత దూరమైనా తీసుకెళ్తుంది. స్కైట్రైన్ సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే సాథోన్ రేవు. అక్కడే టూరిస్టు పడవలకు వేరే కౌంటరు, వేరే రేటు ఉంటాయి. ఆరెంజ్ జెండా అని అడిగి ఎక్కండి.

రెండోది సేన్‌సేప్ కాలువ. ప్రతునామ్ రేవులో పడవ ఎక్కితే పాత నగరం అంచున ఫాన్ ఫా రేవులో దిగుతాం, గోల్డెన్ మౌంట్ గుడి అక్కడికి నడక దూరం. రోడ్డు మీద గంట పట్టే దారి పావుగంటలో అయిపోతుంది. పడవ పూర్తిగా ఆగకముందే జనం చకచకా దిగుతారు, ఎక్కుతారు. నీళ్లు చిందకుండా పక్కన టార్పాలిన్ ఉంటుంది, దాని తాడు అంచున కూర్చున్నవాళ్లు లాగి పట్టుకోవాలి. పెద్దవాళ్లకు, చంటిపిల్లలతో ఉన్నవాళ్లకు కాలువ పడవ వద్దు, నది పడవ మంచిది.

సాయంత్రం ఆరింటికి స్టేషన్‌లో అందరూ కదలకుండా నిలబడిపోయారు, ఎందుకు?

ఉదయం 8కి, సాయంత్రం 6కి జాతీయ గీతం వేస్తారు. స్టేషన్లలో, పార్కుల్లో అందరూ ఆగుతారు. మీరూ ఆగండి, నిమిషం పని.

## గుళ్లు, ప్యాలెస్

గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ ఒక్క రోజులో అవుతాయా?

ఉదయం త్వరగా మొదలుపెడితే మధ్యాహ్నానికే అవుతాయి (వాట్ అంటే గుడి). గ్రాండ్ ప్యాలెస్ 8:30కి తెరుస్తారు, ఆ సమయానికి గేటు దగ్గర ఉండండి. పది దాటితే టూర్ బస్సుల జనం, పైన నీడలేని ఎండ. మధ్యాహ్నం 3:30కి టికెట్లు ఆపేస్తారు. అక్కడి నుంచి నడిచి వాట్ ఫో వెళ్లండి. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడి పాదాలకు ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉంటాయి, అవి చూడకుండా తిరిగి రాకండి. తర్వాత తా తియెన్ రేవులో కొద్ది బాట్ ఇచ్చి నది దాటితే ఎదురుగా వాట్ అరుణ్. మెట్రోలో వచ్చేవాళ్లకు సనామ్ చాయ్ స్టేషన్ దగ్గర.

గ్రాండ్ ప్యాలెస్‌కి మనిషికి 500 బాట్ అంటే ఎక్కువ కదా, వదిలేయొచ్చా?

వదలొద్దు. మనవాళ్లకైతే మరీ ముఖ్యంగా. లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వరండా గోడల మీద 178 భాగాలుగా రామాయణ కథ చిత్రించి ఉంది. థాయ్‌లాండ్ రామాయణం పేరు రామకియన్. బంగారు పూతతో రథాలు, లంక, వానరసేన గోడ పొడవునా సాగిపోతుంటాయి. హడావిడి టూరిస్టులు సెల్ఫీ కోసం గోపురాల దగ్గరే ఆగిపోతారు, వరండాలో జనం తక్కువ. నీడ కూడా.

పిల్లలకు కథ చెబుతూ నడవండి, తేడాలు వాళ్లే పట్టుకుంటారు. మన హనుమంతుడు బ్రహ్మచారి. రామకియన్ హనుమంతుడు వారధి కట్టేటప్పుడు రాళ్లు ఎత్తుకుపోతున్న చేపల వెనక పడి, వాటి నాయకురాలు, రావణుడి కూతురు అయిన మత్స్యకన్య సువన్నమచ్చను చూసి ప్రేమిస్తాడు. నడుం కింద చేప, పైన కిరీటం పెట్టుకున్న అమ్మాయి బొమ్మ కనిపిస్తే అది ఆమే. ఆకుపచ్చ ముఖంతో కోరలున్న రాక్షసరాజు తోత్సకన్, అంటే మన దశకంఠుడు. వాట్ అరుణ్ గుమ్మం దగ్గర కాపలా కాసే ఇద్దరు రాక్షసుల్లో ఆకుపచ్చవాడు కూడా ఇతనే. మరకత బుద్ధుడి గర్భగుడిలో ఫొటోలు తీయనివ్వరు. ఆ విగ్రహానికి ఏడాదిలో మూడుసార్లు, రుతువు మారినప్పుడల్లా రాజే వస్త్రాలు మారుస్తారు.

ఏ బట్టలు వేసుకోవాలి? షార్ట్స్‌లో వెళ్తే పంపేస్తారా?

పంపేస్తారు. మోకాళ్లు, భుజాలు కప్పి ఉండాలి, ఆడా మగా ఇద్దరికీ. పైన చున్నీ కప్పుకుంటే గ్రాండ్ ప్యాలెస్‌లో ఒప్పుకోరు, చేతులున్న చొక్కానే కావాలి. మన చుడీదార్, కాటన్ ప్యాంటు చక్కగా సరిపోతాయి. చెప్పులు విప్పే చోట్లు చాలా ఉంటాయి కాబట్టి లేసులున్న బూట్లు వద్దు. బుద్ధ విగ్రహం వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు. ఆడవాళ్లు బౌద్ధ భిక్షువులను తాకకూడదు.

గేటు దగ్గర ఒకాయన "ఈరోజు ప్యాలెస్ మూసేశారు" అన్నాడు, నిజమేనా?

కాదు. పూజ ఉంది, విదేశీయులకు మధ్యాహ్నం తర్వాతే అంటూ మర్యాదగా, మంచి ఇంగ్లీషులో చెబుతారు. మెడలో ఐడీ కార్డు కూడా ఉండొచ్చు. వెంటనే పక్కనే ఒక టుక్‌టుక్ సిద్ధంగా ఉంటుంది, అది మిమ్మల్ని రత్నాల దుకాణానికి తీసుకెళ్తుంది. నవ్వి, నడుస్తూ నేరుగా టికెట్ కౌంటర్ దాకా వెళ్లండి. మూసేశారో లేదో అక్కడున్న సిబ్బందే చెప్పాలి.

మన దేవుళ్ల గుళ్లు ఉన్నాయా?

చాలా. చిత్ లోమ్ స్టేషన్ దగ్గర ఎరావాన్ మందిరంలో చతుర్ముఖ బ్రహ్మకు రోజంతా పూజలు, మొక్కు తీరినవాళ్ల తరఫున నాట్యాలు జరుగుతుంటాయి. 1956లో కట్టారు. సీలోమ్ రోడ్డులో తమిళులు కట్టిన మహా మారియమ్మన్ గుడి ఉంది. థాయ్ ప్రజలూ మల్లెదండలతో వస్తారు. ఎయిర్‌పోర్టులో క్షీరసాగర మథనం పెద్ద శిల్పంగా ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు చూడొచ్చు.

ఫ్లోటింగ్ మార్కెట్‌కి వెళ్లాలా?

దామ్నోన్ సదువాక్ ఊరికి సుమారు 100 కిలోమీటర్ల దూరం, పూర్తిగా టూరిస్టుల కోసమే నడుస్తోంది, ధరలు ఎక్కువ. ఫొటోలకు బాగుంటుంది, కొనడానికి కాదు. మేక్లాంగ్‌లో రైలు పట్టాల మీద కూరగాయల మార్కెట్ నాకు అంతకన్నా నచ్చింది. రైలు కూత వినగానే గొడుగులు ముడిచి, బుట్టలు లోపలికి లాగి, రైలు వెళ్లగానే ఏమీ జరగనట్టు మళ్లీ పరిచేస్తారు. నాలుగు రాత్రుల కన్నా తక్కువ ఉంటే రెండూ వదిలేయండి.

## కొనడం, బేరం

ఏ వస్తువు ఎక్కడ చవక?

రెడీమేడ్ బట్టలకు ప్రతునామ్ వీధులు, అక్కడే ఏసీలో ప్లాటినమ్ ఫ్యాషన్ మాల్. క్లిప్పులు, పూసలు, రిబ్బన్లు, బొమ్మలు, రిటర్న్ గిఫ్టులు డజన్ల లెక్కన కావాలంటే చైనాటౌన్‌లోని సాంపెంగ్ సందు. మన బేగంబజార్‌లో తిరిగినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. వాట్ మాంగ్‌కోన్ మెట్రో స్టేషన్ దగ్గర, సాయంత్రం ఐదింటికే కొట్లు కట్టేస్తారు. మీటర్ల లెక్కన బట్ట, లేసులకు పాహురత్, సామ్ యోత్ స్టేషన్ దగ్గర. ఫోన్ కవర్లు, సూట్‌కేసులు, గిఫ్టులకు ఎంబీకే సెంటర్, నేషనల్ స్టేడియం స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది. తినుబండారాలు, బామ్‌లు ఇంటికి తేవాలంటే సెంట్రల్‌వరల్డ్ మాల్ ఎదురుగా ఉన్న బిగ్ సీ సూపర్‌మార్కెట్. ఫిక్స్‌డ్ రేటు, మోసం ఉండదు.

చాతుచక్ అంత పెద్దదంటారు, ఎలా తిరగాలి?

15,000కి పైగా దుకాణాలు, 27 సెక్షన్లు. అంతా చూడాలని వెళ్తే ఏదీ చూడలేరు. శని, ఆదివారాల్లో ఉదయం 9కి మొదలవుతుంది. మెట్రో కాంఫెంగ్ ఫెత్ స్టేషన్‌లో రెండో నంబరు దారిలో పైకి వస్తే మార్కెట్‌లోనే ఉంటాం. స్కైట్రైన్‌లో మో చిత్‌లో దిగి పది నిమిషాలు నడవాలి. పన్నెండు దాటితే రేకుల కింద ఉక్కపోత భరించలేం కాబట్టి తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర మంచి సమయం.

"తర్వాత వచ్చి తీసుకుందాం" అనుకున్న కొట్టు మళ్లీ దొరకదు. నచ్చి, రేటు కుదిరితే అప్పుడే కొనేయండి. ఆలోచించుకోవాలనుకుంటే కొట్టు మీద రాసిన సెక్షన్, సందు, దుకాణం నంబర్లు ఫొటో తీసుకోండి. తప్పిపోతే కలుసుకోవడానికి మధ్యలో గడియార స్తంభం ఉంది, ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ప్రతునామ్‌లో హోల్‌సేల్ రేటు ఒక్కటి కొన్నా ఇస్తారా?

ఇవ్వరు, కానీ మూడు కొంటే ఇస్తారు. చాలా కొట్లలో అట్టముక్క మీద రెండు అంకెలు రాసి ఉంటాయి: ఒకటికి ఒక ధర, మూడు లేదా ఆరు తీసుకుంటే ఇంకో ధర. మూడూ ఒకే రకం కానక్కర్లేదు, రంగులు, డిజైన్లు కలపొచ్చా అని అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఇక్కడే కుటుంబంగా వెళ్లడం లాభం: అక్కకొకటి, వదినకొకటి, మీకొకటి ఒకే కొట్లో కొంటే హోల్‌సేల్ రేటు. బేరమాడి తగ్గించుకునేదానికన్నా ఇలా తగ్గేదే ఎక్కువ.

బేరం ఎంత వరకు ఆడొచ్చు? సగానికి అడగమంటున్నారు.

సగానికి అడగొద్దు. అక్కడ చాలా కొట్లలో చెప్పే ధర మరీ పెంచి చెప్పరు, సగం అంటే అవమానంగా తీసుకుని మాట్లాడటం మానేస్తారు. 250 అంటే 180 నుంచి మొదలుపెట్టి 200, 220 మధ్య ముగించండి. పదో ఇరవయ్యో శాతం తగ్గితే అది మంచి బేరమే. పట్‌పాంగ్, ఖావో సాన్ లాంటి టూరిస్టు వీధుల్లో మాత్రం ఇంకా కిందికి దిగొచ్చు. ధర బోర్డు మీద అంటించి ఉన్న మాల్ దుకాణాల్లో, తినే బళ్ల దగ్గర బేరం లేదు.

నవ్వుతూ అడగడం అక్కడ అన్నిటికన్నా ముఖ్యం. గొంతు పెంచినా, వస్తువుకి వంకలు పెట్టినా ధర తగ్గదు, ఆ కొట్టువాళ్లు ముఖం తిప్పుకుంటారు. మీరు చెప్పిన ధరకి వాళ్లు సరేనన్నాక కొనకుండా వెళ్లిపోవడం చాలా తప్పుగా చూస్తారు. కొనే ఉద్దేశం లేని వస్తువుకి ధర చెప్పకండి.

థాయ్ భాష రాదు, బేరం ఎలా?

కాలిక్యులేటర్ అన్నిటికీ సరిపోతుంది. వాళ్లు అంకె నొక్కి చూపిస్తారు, మీరు మీ అంకె నొక్కండి. "తావ్ రై" అంటే ఎంత, "లొద్ దాయ్ మయ్" అంటే తగ్గిస్తారా. చివర మగవాళ్లు "ఖ్రాప్", ఆడవాళ్లు "ఖా" చేరిస్తే మర్యాద. ఆ ఒక్క ముక్కకి ముఖంలో నవ్వు వస్తుంది, ధర కూడా కొంచెం కదులుతుంది.

పొద్దున్నే వెళ్తే తక్కువకి ఇస్తారా?

చాలాసార్లు ఇస్తారు. బోణీ పట్టింపు వాళ్లకూ ఉంది. మొదటి గిరాకీ ఇచ్చిన నోటుని అమ్మే ఆవిడ చేతిలో పట్టుకుని, వేలాడుతున్న చొక్కాల మీద, మడతపెట్టిన దొంతరల మీద టపటపా తడుతూ కొట్టంతా తిరుగుతుంది, మిగతావన్నీ కూడా అమ్ముడుపోవాలని. అలాంటప్పుడు మొదటి బేరం పోగొట్టుకోవడం వాళ్లకి ఇష్టం ఉండదు. అలాగని మరీ పిండకండి. బోణీ గిరాకీగా సంతోషంగా కొనుక్కుని వస్తే వాళ్లకీ రోజు బాగుంటుంది.

వేసుకుని చూడనిస్తారా? సరిపోకపోతే మారుస్తారా?

హోల్‌సేల్ కొట్లలో రెండూ ఉండవు. "ఫ్రీ సైజ్" అని రాసిన టాప్ అక్కడి సన్నటి ఒంటి కొలతకి కుట్టింది, మనలో చాలామందికి బిగుతు. ఒక టేపు సంచిలో వేసుకెళ్లండి, ఇంట్లో సరిగ్గా సరిపోయే చొక్కా ఛాతీ, భుజం, పొడవు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. కుట్లు, జిప్పు, బొత్తాలు డబ్బిచ్చే ముందే చూసుకోండి. ఏనుగు బొమ్మల ప్యాంట్లు 100, 200 బాట్ మధ్య దొరుకుతాయి. మొదటి ఉతుకులో రంగు వదులుతాయి, విడిగా ఉతకాలి.

బ్రాండ్ బ్యాగులు, వాచీలు అంత చవకగా ఎలా వస్తున్నాయి? కొనొచ్చా?

అవి నకిలీవి. కొనొద్దు. అమ్మడం అక్కడి చట్టం ప్రకారం నేరం, మన ఎయిర్‌పోర్టులో పట్టుబడితే వస్తువు పోతుంది. అదే డబ్బుకి అక్కడి డిజైనర్లు సొంతంగా కుట్టిన కాన్వాస్ సంచులు, తోలు పర్సులు చాతుచక్‌లో చక్కటివి వస్తాయి.

థాయ్ సిల్క్ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

చేత్తో నేసిన పట్టులో పోగు అక్కడక్కడా లావుగా, సన్నగా ఉంటుంది. వెలుతురు మారినకొద్దీ రంగు మారినట్టు కనిపిస్తుంది. అంచున ఒక పోగు లాగి కాలిస్తే పట్టు జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదై పొడుమవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. 150 బాట్‌కి స్కార్ఫ్ ఇస్తున్నారంటే అది పాలిస్టరే. బాగుంటే పాలిస్టర్ అనుకునే కొనుక్కోండి, తప్పేం లేదు.

రత్నాలు, నగలు చవకట కదా? "గవర్నమెంట్ సేల్, ఈరోజే ఆఖరు" అంటున్నారు.

అలాంటి ప్రభుత్వ సేల్ ఏదీ లేదు. ఇక్కడ కొని మీ ఊళ్లో రెట్టింపుకి అమ్ముకోవచ్చని చెప్పినవాళ్ల మాట నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రాళ్ల మీద మీకు సొంతంగా అవగాహన ఉంటే తప్ప ఆ జోలికి వెళ్లకండి.

బుద్ధుడి విగ్రహం తెచ్చుకోవచ్చా?

విగ్రహాలు దేశం దాటించాలంటే థాయ్ లలిత కళల శాఖ అనుమతి కావాలి. మెడలో వేసుకునే చిన్న తాయెత్తులకు ఇబ్బంది లేదు. బుద్ధుడి తలని అలంకరణ వస్తువుగా కొనడం అక్కడివాళ్లకు చాలా బాధ కలిగిస్తుంది. ఏనుగులు, కొయ్య బొమ్మలు, గంటలు ఎన్నైనా తెచ్చుకోండి.

## తిండి, ఇంట్లో పెద్దవాళ్లు

పూర్తి శాకాహారులం. బయట ఏం తినొచ్చు?

కూరగాయల కూరలో కూడా చేపల సాస్, రొయ్యల ముద్ద పడతాయి, అందుకే "వెజ్" అన్న మాట ఒక్కటే నమ్మకండి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం ఉన్న కొట్టు వెతకండి. అది "జే" భోజనం: మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. మామూలు కొట్లో అయితే "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వేయొద్దని. భారతీయ హోటళ్లు ప్రతునామ్, పాహురత్, నానా దగ్గర బోలెడు, కాకపోతే ధర మన ఊరికి రెండు మూడు రెట్లు. పండ్లు, కొబ్బరినీళ్లు, మామిడిపండుతో తినే స్టికీ రైస్ ఎక్కడైనా హాయిగా తినొచ్చు. అసోక్‌లో టెర్మినల్ 21 మాల్ పైన ఫుడ్ కోర్టు శుభ్రంగా, చవగ్గా ఉంటుంది.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. తిరగగలరా?

తిరగగలరు, రోజుకి ఒక్క పెద్ద ప్రదేశమే పెట్టుకుంటే. వాట్ అరుణ్ మెట్లు చాలా నిటారు, వాళ్లని కింద తోటలో కూర్చోబెట్టండి. చాతుచక్ బదులు ప్లాటినమ్ మాల్‌కి తీసుకెళ్లండి, ఎస్కలేటర్లు, ఏసీ, కూర్చునే చోటు ఉంటాయి. సాయంత్రం సాథోన్ రేవు నుంచి ఐకాన్‌సియామ్ మాల్‌కి ఉచిత పడవ ఉంది. కింది అంతస్తులో సుక్‌సియామ్ పేరుతో మార్కెట్ లాంటి చోటు ఉంటుంది, నాలుగు ప్రాంతాల తిండి, చేతిపనులు అక్కడే చూడొచ్చు.

## తిరుగు ప్రయాణం

వ్యాట్ తిరిగి ఇస్తారట, ఎలా?

వ్యాట్ 7 శాతం. "వ్యాట్ రీఫండ్" బోర్డు ఉన్న దుకాణంలో ఒకే రోజు 2,000 బాట్ లేదా అంతకన్నా ఎక్కువ కొంటే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి, కొన్నప్పుడే తీసుకోవాలి. కొన్నవాటి విలువ ఎక్కువైతే ఎయిర్‌పోర్టులో సామాను చెక్‌ఇన్ చేయకముందే వస్తువులతో కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లాలి, ఇమిగ్రేషన్ దాటాక డబ్బు తీసుకోవాలి. మార్కెట్ కొట్లకు ఇది వర్తించదు. నాలుగు వేల బాట్ కొనుగోలుకి దాని కోసం క్యూలో నిలబడాలా అనేది మీ చేతిలో ఉన్న టైమ్‌ని బట్టి చూసుకోండి.

సామాను బరువు ఎక్కువైతే?

ఎయిర్‌పోర్టు కౌంటర్లో కట్టే అదనపు ఛార్జీ మిగుల్చుకున్నదంతా తినేస్తుంది. ముందు రోజే హోటల్‌లో తూకం వేసుకుని, అవసరమైతే ఆన్‌లైన్‌లో అదనపు బరువు కొనేయండి. బామ్‌లు, నూనెలు, సాస్‌లు చెక్‌ఇన్ పెట్టెలో. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే.

మన కస్టమ్స్‌లో ఏవి ఆపుతారు?

డ్యూటీ లేకుండా తెచ్చుకునే విలువకి పరిమితి ఉంది. బయలుదేరే ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. ఒకే టాప్ ముప్పై ఉంటే వ్యాపార సరుకుగా చూస్తారు. ఈ-సిగరెట్లు రెండు దేశాల్లోనూ నిషేధం. ఎవరైనా "ఈ పార్సెల్ హైదరాబాద్‌లో మా వాళ్లకి ఇవ్వండి" అంటే, ఎంత తెలిసినవాళ్లలా మాట్లాడినా తీసుకోవద్దు.

పాస్‌పోర్టు పోయినా, ఎవరైనా మోసం చేసినా ఎవరికి చెప్పాలి?

టూరిస్ట్ పోలీసులకు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. అంబులెన్స్ 1669. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు తీసుకుని, దానితో బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో మీ ఫోన్‌లోనే కాక ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉండేలా చూసుకోండి.